వలెన్సియా వీధి సైకిల్ దారి మీద నగరానికి అభిప్రాయం చెప్పడం: 5కి 3.5

శాన్ ఫ్రాన్సిస్కో మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఏ ఇండియన్ స్టోర్‌కి గోంగూర వచ్చిందో నిమిషాల్లో తెలిసిపోతుంది గానీ, "మీ వీధి మారుస్తున్నాం, ఏమంటారో చెప్పండి" అని నగరం పంపే నోటీసు మాత్రం ఎవ్వరూ ఫార్వర్డ్ చేయరు. హోటళ్లకి, మెకానిక్‌లకి రివ్యూలు రాస్తాం కదా, దీనికి ఎందుకు రాయకూడదు అనిపించింది. మిషన్ ప్రాంతంలోని వలెన్సియా వీధిలో సైకిల్ దారి మార్చడానికి జనాన్ని అడిగిన పద్ధతి ఎలా ఉంది, అడిగి చివరికి ఏం కట్టారు, ఈ రెండిటికీ కలిపి ఈ రివ్యూ. ఆఫీసుకి నేను సైకిల్ మీద వెళ్లేది ఈ వీధిలోనే. పాత గీతల మీదా తొక్కాను, తర్వాత రోడ్డు నడిమధ్యలో వేసిన దారి మీదా తొక్కాను, ఇప్పుడున్న దాని మీదా తొక్కుతున్నాను.

తెలియనివాళ్లకి కొంచెం వెనక కథ. ఇక్కడ 1999లో నాలుగు లేన్ల రోడ్డును తగ్గించి రెండు వైపులా సైకిళ్లకి గీతలు గీశారు. 2009లో సిగ్నళ్లన్నీ గంటకి 13 మైళ్ల వేగానికి సెట్ చేశారు, అంటే మామూలుగా తొక్కుకుంటూ పోతే వరసగా గ్రీన్ దొరుకుతుంది. ఇది నిజంగా మంచి పని, దీన్ని మెచ్చుకోవాలి. కానీ గీత గీతే కదా, గోడ కాదు. ఊబర్‌లు, డెలివరీ వ్యాన్లు, "రెండు నిమిషాలే అన్నా" టైపు కార్లు, అన్నీ ఆ గీత మీదే ఆగేవి. సైకిల్ వాడు వాటిని తప్పించుకోవడానికి కార్ల లేన్‌లోకి దూరాలి, ఆగిన కారు తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో అని ఒక కన్ను అటు వేయాలి. ఒకసారి నా ముందే తలుపు తెరుచుకుంటే హ్యాండిల్ పక్కకి లాగి ఎలాగో బయటపడ్డాను. ఆ డ్రైవర్ సారీ చెప్పాడు పాపం, నా గుండె దడ మాత్రం ఆఫీసు దాకా తగ్గలేదు.

2019లో మార్కెట్ వీధి నుంచి 15వ వీధి దాకా ఫుట్‌పాత్ పక్కన రక్షణ ఉన్న దారి వేశారు. మిగిలిన ముక్క, అంటే 15 నుంచి 23వ వీధి దాకా, అసలు గొడవంతా అక్కడే. షాపులన్నీ అక్కడే, హోటళ్లన్నీ అక్కడే, కరోనా టైంలో హోటళ్ల ముందు పార్కింగ్ జాగాలో కట్టుకున్న చెక్క అరుగులు కూడా అక్కడే. (ఒకప్పుడు ఇదే వీధిలో దోస అనే పేరుతోనే ఒక సౌత్ ఇండియన్ హోటల్ ఉండేది, 2019లో మూసేశారు. అదుంటే ఈ రివ్యూ ఇంకో రకంగా ఉండేదేమో.) ఫుట్‌పాత్ పక్కన దారి వేస్తే ఆ అరుగులు, సామాను దింపుకునే జాగాలు ఏం కావాలన్నది ప్రశ్న. దానికి నగర రవాణా సంస్థ ఎస్ఎఫ్ఎంటీఏ కనిపెట్టిన జవాబు, సైకిళ్లని రోడ్డు నడిమధ్యలో పెట్టడం. 2023 ఏప్రిల్‌లో బోర్డు ఒప్పుకుంది, ఆగస్టుకల్లా దారి తయారు. ట్రయల్ మాత్రమే, చూసి నిర్ణయిస్తాం అన్నారు.

మధ్య దారి మీద తొక్కిన అనుభవం గురించి నిజం చెప్పాలంటే, నేరుగా పోయేటప్పుడు బాగానే ఉండేది. ముందు వ్యాను ఆగదు, తలుపు తగలదు. కానీ నేరుగా పోయేవాడికే అది దారి. మీకు బ్లాకు మధ్యలో ఉన్న బేకరీకి వెళ్లాలనుంది అనుకోండి, రెండు వైపులా ప్లాస్టిక్ స్తంభాలు, రబ్బరు కట్టలు, వాటి అవతల కార్లు. తర్వాతి సిగ్నల్ దాకా పోయి, దిగి, ఫుట్‌పాత్ మీద నడిపించుకుంటూ వెనక్కి రావాలి. పక్క వీధిలోకి తిరగాలన్నా ఇదే తంటా, సిగ్నల్ దగ్గర ఎటు నిలబడాలో కొత్తవాళ్లకి అర్థమయ్యేది కాదు. వెనక సీట్లో పిల్లని కూర్చోబెట్టుకుని రెండు వైపులా కార్ల మధ్య పోవడం అంటే నాకు తెలిసిన తల్లిదండ్రులు ఎవరూ ఇష్టపడలేదు. కార్లవాళ్లకేమో ఎడమవైపు తిరగడం బంద్ చేశారని కోపం.

షాపులవాళ్ల కోపం వేరే. పార్కింగ్ పోయింది, గిరాకీ పోయింది అన్నారు. ఒక హోటల్ యజమాని 2024లో నిరాహార దీక్షకి కూర్చున్నాడు, సైకిల్ దారి మీద అమెరికాలో నిరాహార దీక్ష అంటే మనకి వింతగా ఉంటుంది గానీ నిజం. నగర కంట్రోలర్ ఆఫీసు వాళ్లు అమ్మకపు పన్ను లెక్కలు చూసి, దారి వల్లే వ్యాపారం దెబ్బతిందనడానికి ఆధారం కనబడలేదన్నారు. ఇది నేను సైకిల్ వాణ్ణి కాబట్టి సంతోషంగా చెప్తున్నాను అనుకోకండి. వీధి మొత్తం లెక్క బాగున్నా ఒక షాపు లెక్క బాగోకపోవచ్చు, ఆ షాపు మీదైతే మొత్తం లెక్క మీకు అన్నం పెట్టదు.

ఇక అసలు సరుకు, అభిప్రాయం చెప్పే పద్ధతి.

ఆన్‌లైన్ సర్వే గురించి త్వరగా చెప్పేస్తాను. పూర్తి చేయడం తేలిక, బస్‌లో కూర్చుని చేసేయొచ్చు. కానీ ఏ సర్వేలో అయినా "మీకు ఎంత సురక్షితంగా అనిపిస్తుంది, 1 నుంచి 5" అనే ప్రశ్నతో పెద్దగా పని జరగదు. 15వ వీధి దగ్గర 5, 18వ వీధి దగ్గర 1 అయితే నేను 3 పెట్టాలా? ఆ 3 చూసి ఇంజనీర్ ఏం చేస్తాడు? మీరు సర్వే నింపితే, కింద ఖాళీ పెట్టెలో మాత్రం తప్పకుండా రాయండి, నా లెక్కలో సర్వే మొత్తానికి పనికొచ్చేది అదొక్కటే.

ఓపెన్ హౌస్ మాత్రం నాకు నచ్చింది. మీటింగ్ లాగా వరసగా కూర్చోబెట్టి ఉపన్యాసం చెప్పరు, బోర్డుల మీద మ్యాపులు అంటించి పెడతారు, ఇంజనీర్లు పక్కనే నిలబడి ఉంటారు, మీరు వెళ్లి వేలు పెట్టి "ఇక్కడ, ఈ మూల మీద" అని చూపించొచ్చు. మన ఇంగ్లీష్ యాస గురించి ఎవరికైనా టెన్షన్ ఉంటే ఇదే మంచి జాగా, ఎందుకంటే మ్యాపు మీద వేలికి యాస ఉండదు. ఇంకో లాభం, అక్కడ షాపులవాళ్లు కూడా వస్తారు. వాళ్ల ట్రక్కు ఎక్కడ ఆగాలి, ఉదయం ఎన్నింటికి కూరగాయలు దిగుతాయి అనేది వాళ్ల నోటితో వింటే, ఆ డబుల్ పార్కింగ్ వ్యాను మీద నాకున్న కోపం సగం తగ్గింది. ఆ వ్యానుకి ఆగే జాగా ఇవ్వకుండా సైకిల్ దారి ఎంత బాగా గీసినా వ్యాను వచ్చి దాని మీదే నిలబడుతుంది. ఈ ముక్క సైకిల్ వాళ్లు అర్థం చేసుకుని, "ఇక్కడ లోడింగ్ జాగా ఇవ్వండి" అని వాళ్లే రాయాలని నా అభిప్రాయం.

బోర్డు విచారణకి సగం మార్కులే. మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటకి సిటీ హాల్‌లో మొదలవుతుంది. పనిరోజు మధ్యాహ్నం ఖాళీగా ఉండేది ఎవరు? సెలవు పెట్టుకోగలిగే ఉద్యోగం ఉన్నవాడే. హోటల్ వంటింట్లో పనిచేసేవాడు, సైకిల్ మీద పార్సిళ్లు మోసేవాడు రాలేడు, ఆ వీధిని రోజంతా వాడేది మాత్రం వాళ్లే. వచ్చాక మాట్లాడ్డానికి మామూలుగా రెండు నిమిషాలు. రెండు నిమిషాల్లో మనవాళ్లు నమస్కారం చెప్పి, ఏ ఊరి నుంచి వచ్చామో చెప్పేసరికే గంట మోగుతుంది. వెళ్లేవాళ్లకి నా సలహా, ముందే కాగితం మీద రాసుకుని, ఇంట్లో టైం పెట్టుకుని చదివి చూసుకోండి.

ఈమెయిల్ నా దృష్టిలో అన్నిటికన్నా బెస్ట్. అర్ధరాత్రి పిల్లలు పడుకున్నాక కూడా రాయొచ్చు, రికార్డులో ఉంటుంది. సంఘాలు పంపే రెడీమేడ్ మెయిల్ ఉంది కదా, పేరు పెట్టి నొక్కితే పోయేది, అది తలల లెక్కకి పనికొస్తుంది తప్ప డిజైన్ మార్చదు. "సైకిల్ దారి కావాలి" అని వంద మంది రాసినదానికంటే, "సాయంత్రం ఆరింటప్పుడు ఫలానా వీధి మూల మీద, ఉత్తరం వైపు వెళ్తుంటే, కుడికి తిరిగే కార్లు నన్ను చూడట్లేదు, మూల మీద పార్క్ చేసిన పెద్ద వ్యాను అడ్డం వస్తోంది" అని ఒక్కరు రాసింది ఇంజనీర్ చేతికి పనిముట్టు అవుతుంది. ఎక్కడ, ఏ టైం, ఎటు వెళ్తుంటే, ఏం అడ్డం. కుదిరితే ఒక ఫోటో. కోపం ఉంటే చివరి వాక్యంలో పెట్టుకోండి. కాలిఫోర్నియాలో ఇప్పుడు జీబ్రా క్రాసింగ్‌కి ముందు 20 అడుగుల్లో కారు ఆపకూడదని చట్టమే ఉంది కాబట్టి, మూల మీద అడ్డం ఉంటే ఆ మాట కూడా ఎత్తండి.

ఇంకోటి, ఈ కేసులో నాకు బాగా అర్థమైంది, కట్టకముందు ఇచ్చిన అభిప్రాయానికీ కట్టాక ఇచ్చినదానికీ చాలా తేడా ఉంది. ముందు అందరూ ఊహించుకుని కొట్టుకుంటారు. ట్రయల్ వేశాక మాత్రం "ఇక్కడ తిరగలేకపోతున్నాను" అన్నది అనుభవం, దాన్ని కొట్టిపారేయడం కష్టం. అందుకే ప్లాస్టిక్ స్తంభాలతో చవగ్గా వేసి చూడటం అనే ఐడియాకి నేను మార్కులు వేస్తాను, చూసింది నచ్చకపోతే పీకేస్తామన్న మాట నిలబెట్టుకుంటేనే. ఇక్కడ నిలబెట్టుకున్నారు. షాపులవాళ్లతో బ్లాకు బ్లాకుకీ కూర్చుని మాట్లాడి, 2024 నవంబర్‌లో బోర్డు మధ్య దారి తీసేసి ఫుట్‌పాత్ పక్కకి మార్చడానికి ఒప్పుకుంది, 2025లో మార్చేశారు.

ఇప్పుడున్నది ఎలా ఉందంటే, మధ్య దారికంటే నాకు నూరుపాళ్లు నయం. కొన్నిచోట్ల హోటల్ అరుగుకీ ఫుట్‌పాత్‌కీ మధ్యలోంచి సైకిల్ పోతుంది, కొన్నిచోట్ల అరుగు ఫుట్‌పాత్‌కి ఆనుకునే ఉంటుంది, సైకిల్ దారి దాన్ని చుట్టుకుని వంకర తిరుగుతుంది. చూడటానికి పాములా ఉంది, వేగంగా పోయేవాళ్లకి చిరాకు. ప్లేట్లు పట్టుకుని సైకిల్ దారి దాటే వెయిటర్లని చూసి మెల్లగా పోవాలి, పోతే ఏమైంది. బేకరీ దగ్గర మాత్రం హాయిగా ఆగి దిగొచ్చు. మొదటి నుంచీ చాలామంది సైకిల్ వాళ్లు అడిగింది ఇదే, తిరిగి తిరిగి అక్కడికే వచ్చారు, ఆ రెండేళ్ల ఆలస్యానికి నేను అర మార్కు కోస్తున్నాను.

మన ఊళ్ల మాటకొస్తే, నాది హనుమకొండ. 2020లో కేంద్రం సైకిల్స్ ఫర్ చేంజ్ అని పోటీ పెట్టినప్పుడు, గెలిచిన 11 నగరాల్లో వరంగల్ కూడా ఉంది, ఒక్కో నగరానికి కోటి రూపాయలు ఇచ్చారు. ఆ పోటీలో హ్యాండిల్‌బార్ సర్వే అని ఒకటి ఉండేది, సైకిల్ తొక్కేవాళ్లే రోడ్డు వెంట పోతూ ఎక్కడ భయంగా ఉంది, ఎక్కడ బాగుంది అని రాసుకోవడం. నిజానికి 1 నుంచి 5 అంకె పెట్టించే సర్వే కంటే ఇదే మెరుగైన పద్ధతి, ఈ ఒక్క విషయంలో అమెరికావాళ్లే మన దగ్గర నేర్చుకోవచ్చు. హైదరాబాద్‌లో 2023 అక్టోబర్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు దారి తెరిచారు. సెలవుల్లో వెళ్లినప్పుడు తొక్కాను, నీడ బ్రహ్మాండం, కానీ అక్కడ పార్కింగ్‌లో కార్ల వెనక కట్టుకుని తెచ్చిన సైకిళ్లే ఎక్కువ కనబడ్డాయి. ఇంటి నుంచి అక్కడిదాకా వచ్చే రోడ్డు గురించి కదా ముందు మాట్లాడాల్సింది. పాలప్యాకెట్లు వేసేవాడు, వాచ్‌మన్, మేస్త్రీ, వీళ్ల సైకిళ్లు తిరిగేది మామూలు రోడ్డు మీదే.

మొత్తానికి 3.5. అర మార్కు ఆలస్యానికి పోయింది, మిగతా ఒకటి ఆ మంగళవారం మధ్యాహ్నం విచారణకి. బే ఏరియాలో మీ వీధికి నోటీసు వస్తే, స్తంభానికి అంటించిన కాగితం మీద ప్రాజెక్టు మేనేజర్ ఈమెయిల్, విచారణ తేదీ ఉన్నాయేమో చూడండి, ఫోటో తీసుకోండి. బోర్డు కాగితాలు ముందే తయారవుతాయి కాబట్టి విచారణ రోజు పొద్దున రాస్తే లాభం తక్కువ, కనీసం వారం ముందు పంపండి. ఇంట్లో అత్తగారు, మామగారు వచ్చి ఉంటే వాళ్లని కూడా అడిగి రాయండి, పగలంతా ఆ ఫుట్‌పాత్ మీద నడిచేది వాళ్లే, ఏ మూల మీద కార్లు ఆగవో వాళ్లకి మనకంటే బాగా తెలుసు.