పూర్తి రహస్యమా, సగం రహస్యమా: వీలునామాలో దాగిన ట్రస్టులు

ఇంగ్లండులో ప్రొబేటు (కోర్టు ధ్రువీకరణ) పొందిన వీలునామాను ఎవరైనా చదవవచ్చు. అందుకే, బయటికి చెప్పుకోలేని మనిషికి ఆస్తి చేర్చాలనుకున్నవారు అందులో నమ్మకస్తుడి పేరు రాసి, అసలు ఎవరికి చేరాలో అతడికి విడిగా చెప్పేవారు. ఇలా ఒకరి చేతిలోని ఆస్తిని మరొకరి మేలు కోసం ఉంచే ఏర్పాటే ట్రస్టు.

పూర్తి రహస్య ట్రస్టులో ఆస్తి ఆ నమ్మకస్తుడికే ఇచ్చినట్టు కనిపిస్తుంది; ట్రస్టు ఊసే ఉండదు. సగం రహస్య ట్రస్టులో ‘నేను వారికి తెలిపిన ప్రయోజనాల కోసం’ అని ఉంటుంది, అవేమిటో ఉండదు. 1929 నాటి బ్లాక్‌వెల్ కేసులో ఒకాయన 12,000 పౌండ్లను అయిదుగురికి ఇలాగే అప్పగించాడు. అసలు లబ్ధిదారులు వివాహేతర సంబంధంలోని స్త్రీ, ఆమె కొడుకు. అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆ ట్రస్టును నిలబెట్టింది. మంచి తీర్పు.

పెద్ద తేడా గడువులో ఉంది. పూర్తి రహస్యమైతే మరణానికి ముందు ఎప్పుడు చెప్పి ఒప్పించినా చాలు. సగం రహస్యమైతే వీలునామా రాసే సమయానికే చెప్పి ఉండాలి. 1937 నాటి కీన్ కేసు చెప్పింది ఇదే. ఈ తేడాకు నాకు సరైన కారణం కనిపించదు.

అయినా నేనైతే సగం రహస్యాన్నే ఎంచుకుంటాను. సంగతి చెప్పకుండానే చనిపోతే, పూర్తి రహస్యంలో పేరున్నవారు ఆస్తిని సొంతం చేసుకోగలరు. 1855 నాటి వాల్‌గ్రేవ్ కేసులో జరిగింది అదే. సగం రహస్యంలో ఆస్తి మృతుడి ఎస్టేటుకే (అతడు వదిలివెళ్లిన మొత్తం ఆస్తిలోకే) తిరిగి వెళ్తుంది.