ఫోన్‌లో కొన్న పాట కారులో మోగాలంటే

పాట కొంటే ఫైలు చేతికి రావాలి. కళాకారులు తమ పాటలను నేరుగా అమ్ముకునే వెబ్‌సైట్ బ్యాండ్‌క్యాంప్ అంటే నాకింత ఇష్టం ఈ ఒక్క కారణానికే. నెలనెలా డబ్బు కట్టి వినే యాప్‌లలోనూ డౌన్‌లోడ్ బటన్ ఉంటుంది గానీ ఆ పాట యాప్ దాటి రాదు, చందా ఆగితే అదీ ఆగుతుంది. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్తూ మన్ననూరు దాటి అడవిలో పడ్డాక సిగ్నల్ మీద ఆశ పెట్టుకోలేం. అక్కడ పనికొచ్చేది పెన్‌డ్రైవ్‌లో ఉన్న పాటే.

ఇంట్లో కంప్యూటర్ లేకుండా చాలాకాలంగా ఫోన్‌తోనే అక్కడ కొంటున్నాను. ఖాతా తెరవడం, వెతకడం అందరికీ తెలిసినవే, వాటిని వదిలేస్తున్నా. డౌన్‌లోడ్ మాత్రం ఫోన్ బ్రౌజర్‌లోనే చేయాలి. బ్యాండ్‌క్యాంప్ యాప్‌లో ఆఫ్‌లైన్‌గా పెట్టుకున్న పాట ఫైలుగా దొరకదు. యూపీఐ లేదు, కార్డుతో గానీ పేపాల్‌తో గానీ కట్టాలి. 2020లో రిజర్వ్ బ్యాంక్ తెచ్చిన నిబంధన వల్ల కొత్త కార్డులు విదేశీ, ఆన్‌లైన్ చెల్లింపులు ఆపేసే చేతికొస్తాయి. బ్యాంకు యాప్‌లో ఆ రెండూ ఆన్ చేసి, చిన్న పరిమితి పెట్టి, పనయ్యాక మళ్లీ ఆపేయండి. చాలా కార్డుల మీద 3.5 శాతం దాకా మార్కప్ (విదేశీ చెల్లింపుకి బ్యాంకు వేసే రుసుము), దానిపై జీఎస్టీ అదనం. బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే అని ముందే ప్రకటించే కొన్ని శుక్రవారాల్లో కంపెనీ తన వాటా వదులుకుంటుంది. అమెరికా పసిఫిక్ టైమ్ కాబట్టి మనకది శుక్రవారం మధ్యాహ్నం 12:30కి, చలికాలంలో 1:30కి మొదలవుతుంది. కళాకారుడికి ఎక్కువ ముట్టాలనుకుంటే అప్పుడు కొనండి.

ఇక అసలు తిప్పలన్నీ కొన్న తర్వాతే. ఆల్బమ్ జిప్ ఫైలుగా, అంటే పాటలన్నీ ఒకే కట్టగా వస్తుంది. 320 కేబీపీఎస్ ఎంపీ3 నిమిషానికి 2.4 ఎంబీ, అంటే 45 నిమిషాల ఆల్బమ్ 108 ఎంబీ. జిప్ విప్పేటప్పుడు అంతకు రెట్టింపు ఖాళీ ఉండాలి. బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే స్క్రీన్ ఆరిపోగానే డౌన్‌లోడ్ మధ్యలో తెగిపోవచ్చు. కంగారేం లేదు, కలెక్షన్ పేజీలోకి వెళ్లి మళ్లీ దించుకోవచ్చు. ఖాతా లేకుండా కొన్నవాళ్లు ఈమెయిల్‌లో వచ్చిన లింకును పారేసుకోకూడదు.

ఎక్కువగా విసిగించింది పెన్‌డ్రైవ్. ఫోన్‌లో కాపీ పూర్తయిందని చూపిస్తుంది. కారులో పెడితే మొదటి పాటలు బాగానే మోగుతాయి, చివరివాటి పేరు కనిపిస్తుంది గానీ స్టీరియో వాటిని దాటేసుకుంటూ పోతుంది. పాట పాడైందేమో అనిపిస్తుంది. కాదు. ఫోన్ కొంత డేటాను మెమరీలో ఉంచుకుని తర్వాత రాస్తుంది; ఆలోగా పెన్‌డ్రైవ్ లాగేస్తే ఆ ఫైళ్లు సగంలోనో ఖాళీగానో మిగిలిపోతాయి. నోటిఫికేషన్‌లో ఎజెక్ట్ నొక్కి, అది సరేనన్నాకే తీయాలి. కొన్ని ఫోన్లలో ఓటీజీ (ఫోన్‌కి పెన్‌డ్రైవ్ తగిలించే సదుపాయం) విడిగా ఆన్ చేయాలి, కాసేపు వాడకపోతే దానంతటదే ఆగిపోతుంది కూడా. కాపీ మొదలుపెట్టే ముందు అదీ చూసుకోండి.

స్టీరియో అసలు పెన్‌డ్రైవ్‌నే గుర్తించకపోతే దాని ఫార్మాట్‌ను, అంటే అందులో ఫైళ్లు అమర్చే పద్ధతిని అనుమానించాలి. చాలా స్టీరియోలు ఫ్యాట్32 అనే ఫార్మాట్‌నే చదువుతాయి. 64 జీబీ, ఆపై పెన్‌డ్రైవ్‌లు తరచు ఎక్స్‌ఫ్యాట్ అనే వేరే ఫార్మాట్‌లో ఉంటాయి. పాటలకు 32 జీబీ ధారాళంగా సరిపోతుంది, అదే కొనండి. సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లోనో, అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లోనో పెన్‌డ్రైవ్, టైప్-సి ఓటీజీ అడాప్టర్ రెండూ దొరుకుతాయి. పాటల వరుస తప్పుతుంటే ఒక్కో ఆల్బమ్‌ను ఒక్కో ఫోల్డర్‌లో పెట్టి, పేర్ల ముందు 01, 02 అని చేర్చండి. కొన్ని స్టీరియోలు కాపీ అయిన క్రమంలోనే పాడతాయి కాబట్టి వాటికి ఒక్కో పాటే ఎక్కించాలి. తెలుగు లిపిలో ఉన్న పేర్లు డబ్బాలుగా కనిపిస్తే స్టీరియోలో తెలుగు ఫాంట్ లేదన్నమాట. పాట మోగడానికి దాంతో ఇబ్బందేమీ లేదు.

నాణ్యత తగ్గించకుండా పాటను దాచే ఫ్లాక్ అనే ఫైలు రకం గొప్పదే, ఇంట్లో మంచి ఇయర్‌ఫోన్‌తో వినేవాళ్లు అదే తీసుకోవాలి. కారు కోసమైతే ఎంపీ3 చాలు. చాలా పాత స్టీరియోలు ఫ్లాక్ పాడవు. కొన్న ఆల్బమ్‌ను ఏ ఫార్మాట్‌లోనైనా మళ్లీ దించుకోవచ్చు కాబట్టి నష్టం లేదు.

నా మెప్పుకి ఒక హద్దు మాత్రం ఉంది. తెలుగు సినిమా పాటల కోసం బ్యాండ్‌క్యాంప్‌కి వెళ్తే నిరాశే. అక్కడ ఉండేది స్వతంత్ర కళాకారులు, చిన్న లేబుళ్లు. సినిమా పాట కొనాలంటే ఐఫోన్‌లో ఐట్యూన్స్ స్టోర్ ఉంది. 2012 డిసెంబరులో మన దేశానికి వచ్చింది, యూపీఐతోనూ కట్టొచ్చు, ఎంపీ3 లాంటిదే అయిన 256 కేబీపీఎస్ ఏఏసీ, కాపీని అడ్డుకునే తాళం లేని ఫైలు. అయితే ఫోన్‌లోని ఫైల్స్ యాప్‌లో ఆ పాట కనిపించదు, పెన్‌డ్రైవ్‌లోకి తేవాలంటే కంప్యూటర్ కావాల్సిందే. ఫోన్‌లోనే వినేవాళ్లకు అది హాయి. నాకు కారులో మోగాలి కాబట్టి సరిపడలేదు.

కొన్న ఫైళ్లకు రెండో కాపీ తప్పకుండా పెట్టుకోండి. ఫ్లిప్‌కార్ట్ వాళ్లు ఫ్లైట్ అనే ఆన్‌లైన్ పాటల దుకాణాన్ని 2012లో తెరిచి 2013లో మూసేశారు, గూగుల్ ప్లే మ్యూజిక్ 2020లో ఆగిపోయింది. ఫైళ్లు దించుకుని ఉన్నవాళ్ల పాటలు ఎక్కడికీ పోలేదు. ఆండ్రాయిడ్ ఫోన్, యూఎస్‌బీ ఉన్న కారు, స్వతంత్ర సంగీతం మీద ఇష్టం, ఈ మూడూ ఉంటే నిస్సందేహంగా ఈ దారే. ఐఫోన్ వాళ్లు సఫారీలో దించి, ఫైల్స్ యాప్‌లో జిప్ విప్పి పెన్‌డ్రైవ్‌కి ఎక్కించొచ్చు. ఫోన్‌లో వినడానికి మాత్రం వీఎల్‌సీ లాంటి వేరే ప్లేయర్ పెట్టుకోవాలి.