ఆగస్టు వానల్లో శ్రీలంక: ఎక్కడ తడిశాం, ఎక్కడ మాడాం

లంకలో శాంకరీదేవిని చూడాలని అమ్మకి ఎప్పటినుంచో కోరిక. అష్టాదశ శక్తిపీఠాల వరసలో మొదటి పేరు అదే, సముద్రం దాటి వెళ్లాల్సిందీ అదొక్కటే. మాకు సెలవులు కుదిరింది 2024 ఆగస్టు ఆఖర్లో. ఆఫీసులో అందరూ "ఈ వానల్లోనా? గది దాటి బయటికి రారు" అని భయపెట్టారు. నేను అనంతపురం వాణ్ణి. వాన ఎక్కువైందని బాధపడిన రోజు నాకు గుర్తులేదు. చెన్నై నుంచి కొలంబోకి విమానంలో గంటన్నర కూడా పట్టదు. అమ్మ, మా ఆవిడ, నేను బయల్దేరాం, తొమ్మిది రోజులకి.

ముందు ఒక సంగతి చెప్పాలి. శ్రీలంకకి వానాకాలాలు రెండు. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలు పడమటి తీరాన్నీ, దక్షిణ తీరాన్నీ, కొండల పడమటి వాలునీ తడుపుతాయి. ఆ నెలల్లో తూర్పు తీరంలో ఎండలు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య గాలి వీస్తుంది, అప్పుడు లెక్కంతా తారుమారు. మధ్యలో అక్టోబరు, నవంబరుల్లో మధ్యాహ్నమయ్యేసరికి ఉరుములతో ఎక్కడైనా పడొచ్చు. ఇదంతా చదివి కూడా మొదటి రెండు రాత్రులకి పడమటి తీరంలో, బెంతోటలో గదులు తీసుకున్నాను. సగం ధర అన్నారు మరి.

ఎందుకు సగమో వెళ్లాక అర్థమైంది. సముద్రం బురద రంగులో ఉంది, ఒడ్డున ఎర్రజెండా పాతారు, నీళ్లలో కాలు పెట్టనివ్వరు. వాన రోజంతా పడలేదు. గంటసేపు దంచికొట్టడం, రెండు గంటలు తెరిపివ్వడం, మళ్లీ మొదలు. అలలు మాత్రం ఒక్క పూటా తగ్గలేదు. గదిలో పరుపు మీద చెయ్యి వేస్తే చెమ్మ, అల్మరా తీస్తే బూజు వాసన. రిసెప్షన్‌లో చెబితే ఒక కుర్రాడు వచ్చి రూం ఫ్రెష్‌నర్ కొట్టి వెళ్లాడు. రెండోసారి గట్టిగా అడిగాక పై అంతస్తులో ఇంకో గది ఇచ్చారు, అది నయం. ఇప్పుడు వానాకాలంలో గది తీసుకోవాలంటే స్విమ్మింగ్ పూల్ ఫొటోలు చూడను. పై అంతస్తేనా, గాలి ఆడుతుందా, బట్టలు ఆరేసుకోడానికి కప్పున్న వరండా ఉందా, ఇవే అడుగుతాను. నా జీన్స్ ప్యాంటు నాలుగో రోజుకి గానీ ఆరలేదు.

ఇంకో ముచ్చట కూడా అక్కడే. అమ్మ పక్కా శాకాహారి. టిఫిన్‌లో ఇడియప్పం, పప్పు, పక్కన ఎర్రగా కొబ్బరి సంబోల్. కొబ్బరి పచ్చడి భలే ఉందని రెండుసార్లు వడ్డించుకుంది. అందులో మాల్దీవ్ ఫిష్ అనే ఎండుచేప పొడి వేస్తారని మధ్యాహ్నం తెలిసింది. "వెజ్" అని అడిగి మరీ తిన్నాం. వాళ్లు మోసం చేశారనను; చాలామందికి అక్కడ అది ఉప్పు, కారం లాంటిదే. కాబట్టి వెజ్ అంటే సరిపోదు, చేపపొడి వేశారా అని విడిగా అడగాలి. అమ్మ ఆ రోజంతా మజ్జిగ, అరటిపళ్లతో గడిపింది. ఆ తర్వాత ఊరూరా తమిళుల శైవ హోటళ్లు, అంటే శాకాహార హోటళ్లు, వెతుక్కున్నాం, మళ్లీ ఇబ్బంది రాలేదు.

బెంతోట దగ్గర మాదు గంగలో పడవ షికారు మాత్రం వానలో కూడా బాగుంది. పడవకి కప్పు ఉంటుంది, మడ చెట్ల మధ్య నీళ్లు కదలకుండా ఉంటాయి. మధ్యలో ఒక చిన్న దీవిలో దాల్చినచెక్క ఎలా ఒలుస్తారో చూపించారు. ఆ తర్వాత ఎలాగూ కొనిపిస్తారు.

కాండీలో ఒక్క రాత్రే ఉన్నాం. ఏటా ఏనుగులతో జరిగే పెరహెర ఊరేగింపులు అయిపోయిన వారం కాబట్టి గదులు సులువుగా దొరికాయి. బుద్ధుడి దంతం ఉంచిన దంతధాతు ఆలయం చూసి చెరువు గట్టున కూర్చున్నాం. ఆ చెరువు తవ్వించిన ఆఖరి రాజు శ్రీ విక్రమ రాజసింహుడిది నాయక్కర్ వంశం, తెలుగు మూలాలున్న వంశం. 1815లో బ్రిటిష్ వాళ్లు ఆయన్ని దించేసి మన వేలూరు కోటలో పెట్టారు. "అయితే మనోడేనా?" అంది అమ్మ, చెరువుని మళ్లీ ఒకసారి కొత్తగా చూస్తూ.

కాండీ నుంచి కొండ ఊరు ఎల్లాకి రైలు. ఈ ప్రయాణం కోసమైతే వానాకాలంలోనే రమ్మంటాను. రిజర్వేషన్ నెల ముందు తెరుస్తారు, చూస్తుండగానే అయిపోతుంది. మేం ఆలస్యం చేసి ఒక ఏజెంటు దగ్గర ఎక్కువ పెట్టి కొన్నాం. ఫస్ట్ క్లాస్ ఏసీ వద్దు, దాంట్లో కిటికీలు తెరుచుకోవు. సెకండ్ క్లాస్ రిజర్వుడు చాలు. హట్టన్ దాటాక వాన అందుకుంది. కిటికీ దించితే ఉక్క, ఎత్తితే జల్లు. అందరూ తడవడానికే ఓటేశారు. టీ తోటల్లో ఆకు కోసేవాళ్లు ప్లాస్టిక్ పట్టా కప్పుకుని పని చేస్తూనే ఉన్నారు.

"వడే, వడే" అంటూ బుట్టతో ఒకాయన వచ్చాడు. పప్పు వడలు వేడిగా, నంజుకోడానికి ఎండుమిరపకాయలు, అన్నీ పాత నోట్‌బుక్ కాగితంలో చుట్టి ఇచ్చాడు. నాకు వచ్చిన కాగితం మీద ఎవరో పిల్లాడు చేసిన భాగాహారాలు, ఒకదాని మీద టీచరు కొట్టిన ఎర్ర ఇంటూ మార్కు, దాని పక్కనే నూనె మరక. ఇస్సో వడ అంటే రొయ్యల వడ, అది మాత్రం అమ్మ దాకా రానివ్వలేదు.

పట్టిపొల స్టేషన్ 1,898 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడ మంచు పట్టి ప్లాట్‌ఫాం చివర కనపడలేదు. అది దాటగానే సొరంగం. చీకట్లో పిల్లలంతా కేకలు పెట్టారు. అవతల బయటికొస్తే వాన లేదు. పట్టాలు పొడిగా ఉన్నాయి, లోయ మీద ఎండ పడుతోంది. ఒక్క సొరంగం! నైరుతి గాలి తేమంతా అటు వాలు మీద దింపేసి ఇటు వట్టి చేతులతో వస్తుంది. పడమటి కనుమల అవతల కుండపోత, ఇవతల మా అనంతపురంలో దుమ్ము, అదే కథ. సొరంగానికి ఇవతల ఉన్న ఊవా వైపు టీకి జులై నుంచి సెప్టెంబరు దాకా మంచి పేరు రావడానికి కూడా ఈ పొడిగాలే కారణమట.

ఎల్లా నాకు అంతగా ఎక్కలేదు. రోడ్డు పొడుగునా కేఫ్‌లు, రాత్రి పదకొండు దాకా పాటల మోత. 1921లో కట్టిన తొమ్మిది ఆర్చీల వంతెన పొద్దున ఆరున్నరకి వెళ్తే బాగుంటుంది, తొమ్మిదికి వెళ్తే సెల్ఫీ క్యూ. ఊరికి దూరంగా ఒక కుటుంబం నడిపే హోంస్టేలో ఉన్నాం, తొమ్మిది రోజుల్లో బాగా నిద్రపట్టిన చోటు అదే.

అక్కడి నుంచి వ్యాన్‌లో ఏడు గంటలు, తూర్పు తీరంలో త్రింకోమలీకి. అమ్మ చూడాలన్న శాంకరీదేవి ఉన్నది అక్కడే. దారిలో ఒక స్పైస్ గార్డెన్ దగ్గర డ్రైవర్ అడక్కుండానే బండి ఆపాడు. కీళ్లనొప్పులకి రాసుకునే నూనె ఒకటి, చెప్పిన ధర వింటే నొప్పి పెరిగింది. దిగకుండా "ముందుకు పోనియ్" అనడమే మేలు. మన రూపాయికి అప్పుడు వాళ్లవి మూడున్నర వచ్చేవి. పెద్ద అంకెలు వినగానే కంగారుపడకుండా భాగించుకుంటే చాలు.

త్రింకోమలీలో దిగగానే ఎండ చురుక్కుమంది, వేడి గాలి. బెంతోటలో వాన కోసం కొన్న గొడుగు ఇక్కడ ఎండకి తెరిచాం. కోనేశ్వరం ఆలయం ఫ్రెడరిక్ కోట లోపల, సముద్రం మీదికి ఒరిగిన బండ మీద ఉంటుంది. దారిలో జింకలు మన చేతిలో అరటిపళ్ల కోసం వెంటబడతాయి. పాత గుడిని 1622లో పోర్చుగీసువాళ్లు కూల్చేశారు, శాంకరీదేవి పాత ఆలయం కూడా అప్పుడే పోయిందంటారు. అమ్మది చిత్తూరు వైపు కాబట్టి అరవం వచ్చు. అర్చకుడితో పావుగంట మాట్లాడింది. మేం లోయలోకి తొంగిచూస్తూ నిలబడ్డాం, రావణుడు కత్తితో నరికాడని చెప్పే చీలిక అదే. కింద నీళ్లు గాజులా కదలకుండా ఉన్నాయి. మర్నాడు నీలావెలి బీచ్ దగ్గర మా ఆవిడ గంటన్నర నీళ్లలోంచి బయటికి రాలేదు. పీజియన్ ఐలాండ్‌కి పడవ డబ్బులు వేరు, పార్కు టికెట్టు వేరు, ముందే అడిగి వెళ్లండి.

తిరుగు దారిలో మిన్నేరియా జాతీయ పార్కు. వానలు లేక చెరువు లోపలికి తగ్గి, ఆ తడిలో పచ్చిక మొలిచి, దానికోసం ఏనుగులు మందలుగా వస్తాయి. జులై నుంచి అక్టోబరు దాకా ఇదే సీజన్. మేం యాభై దాటాక లెక్కపెట్టడం మానేశాం. జీపులే కాస్త ఎక్కువ, ఏనుగుకి ఒక జీపు అన్నట్టు.

మళ్లీ వెళ్తే బెంతోట రెండు రాత్రులూ నీలావెలికి మార్చేస్తాను. జనవరిలో వెళ్లేవాళ్లు దీన్ని తిరగేసుకోవాలి: అప్పుడు బెంతోట బాగుంటుంది, త్రింకోమలీలో వాన. కొండ రైలు గురించి మాత్రం ముందే కనుక్కోండి. 2025 నవంబరు చివర్లో దిత్వా తుపాను ఆ మార్గాన్ని బాగా దెబ్బతీసింది. రైలు ఎక్కడి దాకా నడుస్తోందో తెలుసుకున్నాకే ఎల్లాలో గది తీసుకోండి.