లూపస్ ఉన్న ఇంట్లో తక్కువ సోడియం ఉప్పు: ఎవరు కొనవచ్చు, ఎవరు కొనకూడదు

లూపస్‌కు (రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బుకు) స్టెరాయిడ్ మొదలుపెట్టినప్పుడు డాక్టర్లు ఉప్పు తగ్గించమంటారు. ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ ఒంట్లో ఉప్పునీ నీటినీ పట్టి ఉంచుతుంది. కాళ్లు వాచడానికీ బీపీ పెరగడానికీ అదొక కారణం. ఆ మాట విని సూపర్ మార్కెట్‌కు వెళ్తే ‘లో సోడియం’ ఉప్పు కనిపిస్తుంది. ధర మామూలు ఉప్పు కంటే ఎక్కువ. కానీ కిడ్నీ రిపోర్టు చూసుకోకుండా ఆ పాకెట్ ఇంటికి తేకూడదు.

ఇందులో సోడియం క్లోరైడ్ కొంత తగ్గించి, సాధారణంగా ఆ మేరకు పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. టాటా సాల్ట్ లైట్ మీద 15 శాతం తక్కువ సోడియం అని రాసి ఉంటుంది. ఇంకా ఎక్కువ తగ్గించిన రకాలూ ఉన్నాయి. పొటాషియం క్లోరైడ్ బరువులో సగానికి పైగా పొటాషియమే. పొటాషియం క్లోరైడ్ 30 శాతం ఉన్న ఉప్పు రోజుకు 5 గ్రాములు వాడితే దాదాపు 780 మిల్లీగ్రాముల పొటాషియం అదనంగా లోపలికి వెళ్తుంది.

కిడ్నీలు బాగుంటే దాన్ని మూత్రంలో బయటికి పంపేస్తాయి. లూపస్ నెఫ్రైటిస్‌లో, అంటే లూపస్ కిడ్నీలను దెబ్బతీసినప్పుడు, ఆ శక్తి తగ్గవచ్చు. దానికి తోడు, మూత్రంలో ప్రోటీన్ పోకుండా ఇచ్చే టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటి మాత్రలు పొటాషియాన్ని ఒంట్లోనే ఆపుతాయి. టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్, స్పైరనోలాక్టోన్, కోట్రైమాక్సజోల్ కూడా అంతే. రక్తంలో పొటాషియం లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ మధ్య ఉండాలి. బాగా పెరిగితే గుండె లయ తప్పుతుంది, అదీ చాలాసార్లు ముందుగా ఏ సూచనా లేకుండానే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జనవరిలో ఇలాంటి ఉప్పును సిఫారసు చేస్తూనే కిడ్నీ జబ్బు ఉన్నవారినీ, గర్భిణులనూ, పిల్లలనూ మినహాయించింది. కాబట్టి నెఫ్రైటిస్ ఉన్నా, పై మందుల్లో ఏది వాడుతున్నా ఇది వద్దు. కిడ్నీలు బాగుండి, ఆ మందులు లేనివారు డాక్టరును అడిగి వాడుకోవచ్చు. మొదలుపెట్టిన రెండు వారాల్లోపు పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది) పరీక్షలు చేయించుకోవాలి.

రుచి సంగతి. చింతపండు పులుసులో, నిమ్మకాయ పిండిన పప్పులో తేడా అంతగా తెలియదు. మజ్జిగలో, పెరుగన్నంలో మాత్రం నాలుక చివర చేదు తగులుతుంది. అసలు చిక్కు వేరే ఉంది: ఉప్పదనం చాలడం లేదని ఇంకో చిటికెడు వేస్తారు, తగ్గిన 15 శాతం అక్కడే తిరిగి వచ్చేస్తుంది.

మా దృష్టిలో అంతకంటే ఫలితమిచ్చేది మామూలు ఉప్పునే కొలిచి వాడడం. నలుగురున్న ఇంట్లో కిలో పాకెట్ నెలకే అయిపోతుంటే ఒక్కొక్కరికి రోజుకు 8 గ్రాములు పడుతున్నట్టు. ఉప్పు మార్చి అంతే వాడితే 15 శాతం సోడియం తగ్గుతుంది. 5 గ్రాములకు, అంటే తలకొట్టిన ఒక టీస్పూన్ లోపుకు, దించితే మూడో వంతుకు పైగా తగ్గుతుంది. అప్పుడు ఆ పాకెట్ 50 రోజులు రావాలి. ఊరగాయ, అప్పడం, వడియాలు, ఊర మిరపకాయలు, ఇన్‌స్టంట్ నూడుల్స్‌లో ఉన్న ఉప్పు ఈ లెక్కలోకి రాదు కనుక అవి తినే ఇంట్లో ఇంకా ఎక్కువ రోజులు రావాలి. ఆవకాయ రోజూ కంచంలో ఉంటే ఏ ఉప్పు కొన్నా ఒరిగేది తక్కువ. నాలుకకు కొత్త రుచి అలవాటు కావడానికి కొన్ని వారాలు పడుతుంది. అందాకా జీలకర్ర, మిరియాలు, వెల్లుల్లి, నిమ్మరసం ఆదుకుంటాయి.

సైంధవ లవణం దీనికి బదులు కాదు. అదీ దాదాపు అంతా సోడియం క్లోరైడే, పైగా చాలా రకాల్లో అయోడిన్ కలపరు.

ఇంట్లో బీపీ ఉన్న పెద్దవాళ్ల కోసం లో సోడియం ఉప్పు తెచ్చినా, నెఫ్రైటిస్ ఉన్నవారు తినే వంటలో అది పడకూడదు. రెండు డబ్బాలు పెట్టి పేర్లు రాయండి. ఉమ్మడి కూరలో మామూలు ఉప్పు సగమే వేసి, మిగతాది ఎవరి కంచంలో వారు కలుపుకుంటే సరిపోతుంది. ఒళ్లు వాచిందని స్టెరాయిడ్ మాత్రం సొంతంగా ఆపవద్దు.