శామినాద్ 1901 రికార్డు అంటే నమ్మి డబ్బు పంపకండి

పాత పియానో రికార్డులను ఫైళ్లుగా మార్చి అమ్మే ఆ పెద్దమనిషి మీలో చాలామందికి తెలుసు, పేరు రాయను. "సెసిల్ శామినాద్ స్వయంగా వాయించిన 1901 నాటి లక్క రికార్డు నుంచి నేరుగా, ఎలాంటి శుభ్రత చేయకుండా" అని ప్రకటన. ధర 60 పౌండ్లు. శామినాద్ ఫ్రెంచి స్వరకర్త, పియానో వాద్యకారిణి. స్వరకర్తే తన రచనను ఏ వేగంతో వాయించిందో అచ్చయిన స్వరలిపి పక్కన పెట్టుకుని వినాలని నా ఆశ. 1901 నవంబరులో ఆమె లండన్‌లో గ్రామఫోన్ అండ్ టైప్‌రైటర్ కంపెనీకి వాయించిన ఆ కొద్ది రికార్డుల అసలు ప్రతులు ఎంత అరుదో మీకు చెప్పనక్కర్లేదు. నమూనా అడగడానికి నాకు నోరు రాలేదు, డబ్బు పంపడానికి మాత్రం చేయి భలే వచ్చింది.

హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆమె రచన 'పా దెజ్ ఎషార్ప్' మొదలుపెట్టాను. ముందు గరగర, చిటపట, అంతా పాతకాలమే. తర్వాత మంద్ర స్వరాలు ఎడమ చెవిలో, తార స్వరాలు కుడి చెవిలో! మైకు లేకుండా, శబ్దాన్ని పట్టే ఒక్క గరాటు ముందు కూర్చోబెట్టి ముల్లుతో గీసిన రోజుల్లో స్టీరియో! పైగా ఆ గరాటుకు అందనే అందని లోతైన మంద్రం గదంతా మోగుతోంది. ఇక చిటపటల సంగతి. రికార్డు మీద గీత పడితే చుట్టుకొక 'టక్' రావాలి, అంటే సెకను తిరగకుండానే మళ్లీ రావాలి. ఇక్కడ ఆ జాడే లేదు. ఒకే గరగర ముక్కను అతికించి అతికించి పరిచారు. పియానో ఆగాక కూడా అదే ముక్క మరో రెండుసార్లు తిరిగింది, కత్తిరించడం మరిచిపోయినట్టున్నారు.

ఉత్తరం రాస్తే వచ్చిన జవాబు: "మీకు పాత శబ్దం విని అలవాటు లేనట్టుంది." నిజమే మహానుభావా, 1901 నాటి స్టీరియో వినే భాగ్యం నాకు ఇంతకుముందు కలగలేదు. గట్టిగా అడిగితే అసలు విషయం బయటపడింది. అది శామినాద్ పియానో రోల్ అట, అంటే ఆమె నొక్కిన మెట్లను రంధ్రాలుగా గుర్తించిన కాగితపు చుట్ట. ఇప్పటి పియానో మీద ఆడించి, పైన చిటపటలు చల్లారు. "కాగితం మీదైనా లక్క మీదైనా అవి ఆమె చేతులే కదా, మామూలు చెవులకు తేడా ఏం తెలుస్తుంది?" అని కొసమెరుపు. డబ్బు వాపసు మాటే లేదు.

రోల్ అంటే నాకు చులకన లేదు. రోల్ అని చెప్పి అమ్మితే కొనేదాన్నేమో. కానీ రోల్ వేగం ఆడించేవారి మీట చేతిలో ఉంటుంది, రంధ్రాలను తర్వాత సరిదిద్దడమూ మామూలే. లక్క రికార్డు తిరిగే వేగం కూడా అప్పట్లో కచ్చితంగా నిమిషానికి 78 చుట్లు కాదు, నిజమే. అయితే అక్కడ శ్రుతిని పట్టుకుని వేగాన్ని లెక్కగట్టవచ్చు. రోల్‌ను ఎంత పరుగెత్తించినా పియానో శ్రుతి మారదు, ఇక దేన్ని పట్టుకుని లెక్కగట్టాలి? నా పోలిక పని మొత్తం ఆ ఒక్క అంశం మీదే నిలబడింది. అది మామూలు చెవులకు అక్కర్లేదు కాబోలు.

బ్యాంకులో ఫిర్యాదు ఇచ్చాను, చూడాలి. కొనేముందు లేబుల్ ఫోటో, దాని చుట్టూ లక్కలో ఉండే మాట్రిక్స్ నంబరు (ఆ రికార్డింగుకు కంపెనీ ఇచ్చిన గుర్తింపు సంఖ్య) అడగండి. ఫైలు చేతికొస్తే శబ్దం సరిచేసే ప్రోగ్రాంలో ఒక చానల్ తరంగాన్ని తలకిందులు చేసి రెండోదానితో కలపండి. నిజమైన రికార్డయితే రెండు చానళ్లలోనూ ఒకే సంగీతం ఉంటుంది కాబట్టి అది దాదాపు మాయమై గరగర మిగులుతుంది. నాకు పియానో నిక్షేపంగా వినిపించింది.