లెస్టర్ యూనివర్సిటీ రివ్యూ: బెజవాడ, గుంటూరు నుంచి మాస్టర్స్‌కి వెళ్ళేవాళ్ళ కోసం

బెంజ్ సర్కిల్ దగ్గర గానీ గుంటూరు బ్రాడీపేటలో గానీ ఏ కన్సల్టెన్సీ మెట్లెక్కినా, ఇంగ్లండ్‌లోని లెస్టర్ యూనివర్సిటీ పేరెత్తగానే ముందు ర్యాంకు చెప్తారు, ఆ తర్వాత ఫీజులో తగ్గింపు చెప్తారు. ఆ రెండూ ఏటా మారేవే. ఆ యూనివర్సిటీ ఏ ఊళ్ళో ఉంది, ఎలా పుట్టింది, ఏ డిపార్ట్‌మెంటులో నిజంగా పనితనం ఉంది అన్నవి అంత తొందరగా మారవు. లక్షలు కట్టేముందు చూసుకోవాల్సింది వాటినే. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. లెస్టర్ మంచి యూనివర్సిటీ, మనవాళ్ళు బతకడానికి ఇంకా మంచి ఊరు. కానీ ప్రతి కోర్సుకీ అక్కడికి వెళ్ళాల్సిన పనిలేదు.

ఇది రాజులూ బిషప్పులూ పెట్టిన చదువుల కోట కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయినవాళ్ళ జ్ఞాపకార్థం ఊరివాళ్ళు పూనుకుని 1921లో పెట్టుకున్న కాలేజీ. థామస్ ఫీల్డింగ్ జాన్సన్ అనే ఉన్ని నూలు వ్యాపారి స్థలం కొనిచ్చాడు. ఆ స్థలంలో ఉన్న పెద్ద భవనం 1837 నాటి పిచ్చాసుపత్రి. యుద్ధకాలంలో అందులోనే గాయపడ్డ సైనికులకు వైద్యం చేశారు. అది ఇప్పటికీ వాడుకలో ఉంది, దాత పేరుతోనే పిలుస్తారు. ‘వాళ్ళకు జీవం కలగాలని’ అనే అర్థం వచ్చే లాటిన్ మాట ఆ యూనివర్సిటీ నినాదం. యుద్ధంలో పోయిన పిల్లల్ని తలుచుకుంటూ ఎంచుకున్న మాట అది.

1957 దాకా ఆ కాలేజీకి సొంతంగా డిగ్రీ ఇచ్చే అధికారం లేదు, పిల్లలు లండన్ యూనివర్సిటీ పరీక్షలు రాసేవాళ్ళు. గుంటూరు ఏసీ కాలేజీ చరిత్ర తెలిసినవాళ్ళకి ఇది కొత్త కాదు. 1885లో పెట్టిన ఆ కాలేజీ పిల్లలూ మద్రాసు యూనివర్సిటీ పరీక్షలే రాశారు. 1926లో ఆంధ్ర యూనివర్సిటీ మొదట బెజవాడలోనే మొదలై, 1930లో వాల్తేరు వెళ్ళింది. అంటే లెస్టర్ కాలేజీ మన ఆంధ్ర యూనివర్సిటీకి అయిదేళ్ళే పెద్ద. ‘పాత’ అన్న మాట విని మోసపోనక్కర్లేదు, ‘కొత్త’ అని తీసిపారేయనూ అక్కర్లేదు.

దాని పేరు నిలబెట్టింది డీఎన్ఏ. 1984 సెప్టెంబరు 10 పొద్దున అక్కడి శాస్త్రవేత్త అలెక్ జెఫ్రీస్ ఒక ఎక్స్‌రే ఫిల్ము కడిగి చూస్తే, ఒకే కుటుంబంలోని మనుషుల డీఎన్ఏ గీతలు కొన్ని కలుస్తూ కొన్ని తేడాగా వరసల్లో కనిపించాయి. డీఎన్ఏని బట్టి మనిషిని గుర్తుపట్టే డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ అక్కడ పుట్టింది. 2012లో ఊళ్ళోని ఒక కారు పార్కింగ్ తవ్వి మూడో రిచర్డ్ రాజు ఎముకలు బయటికి తీసిందీ ఈ యూనివర్సిటీ పురావస్తు బృందమే. 1485లో యుద్ధంలో చనిపోయిన ఇంగ్లండ్ రాజు ఆయన. బతికున్న బంధువుల తల్లివైపు డీఎన్ఏతో పోల్చి 2013లో నిర్ధారించారు. మనకి ఇంకా దగ్గర విషయం ఒకటుంది. 2015లో శ్రీహరికోట నుంచి ఎగిరిన ఇస్రో ఉపగ్రహం ఆస్ట్రోశాట్‌లో సాఫ్ట్ ఎక్స్‌రే టెలిస్కోపుకి కెమెరా తయారుచేసి ఇచ్చింది లెస్టర్ వాళ్ళే. కాబట్టి జెనెటిక్స్, అంతరిక్ష శాస్త్రం, ఆర్కియాలజీ, మ్యూజియం స్టడీస్ ఈ నాలుగింటికీ కళ్ళు మూసుకుని వెళ్ళొచ్చు.

మేనేజ్‌మెంటు, డేటా ఎనలిటిక్స్ లాంటివాటికి ఆ మాట చెప్పలేం. అదే సిలబస్ ఇంకో పది యూనివర్సిటీల్లో దొరుకుతుంది, ఈ పేరు వల్ల అదనంగా ఒరిగేది తక్కువ. పైగా 2021లో ఖర్చు తగ్గించుకోవడానికి ప్యూర్ మ్యాథ్స్ పరిశోధనని ఆపేశారు, మధ్యయుగ సాహిత్యంలోనూ కోత పెట్టారు. అప్లై చేసేముందు డిపార్ట్‌మెంటు పేజీలో ఇప్పుడున్న అధ్యాపకుల పేర్లు, వాళ్ళ పని చూడండి. బ్రోషరులో అది ఉండదు.

చదువు లెక్క ఇలా ఉంటుంది. మాస్టర్స్ మొత్తం 180 క్రెడిట్లు, క్రెడిట్‌కి పది గంటల పని. అంటే 15 క్రెడిట్ల సబ్జెక్టుకి 150 గంటలు. అందులో క్లాసులో కూర్చునేది కొంతే, మిగతాదంతా లైబ్రరీలో మీరు చేసుకోవాల్సిందే. పాస్ మార్కు 50, డిస్టింక్షన్ 70. ఇక్కడ 85 శాతం తెచ్చుకున్న పిల్లలు అక్కడ 62 చూసి కుంగిపోతారు. అది మంచి మార్కే. మనవాళ్ళు దెబ్బతినేది అసైన్‌మెంట్లలో. టెక్స్ట్‌బుక్‌లో వాక్యాన్ని ఉన్నదున్నట్టు దింపితే ఇక్కడ మార్కులేస్తారు, అక్కడ కాపీ కింద కేసు పెడతారు. ఎవరి ఆలోచన, ఏ పుస్తకం, ఏ పేజీ అని రాయడం మొదటి వారంలోనే నేర్చుకోవాలి.

ఇక కన్సల్టెన్సీల సంగతి. ‘మాకు ఫీజు వద్దు’ అంటారు, ఎందుకంటే యూనివర్సిటీ నుంచి కమిషన్ వస్తుంది. అందులో తప్పేం లేదు, కానీ కమిషన్ ఇవ్వని యూనివర్సిటీ పేరు మీకు వినపడదు. లెస్టర్ వెబ్‌సైటులో నేరుగా మీరే అప్లై చేయొచ్చు. కన్సల్టెన్సీ నిజంగా పనికొచ్చేది వీసా కాగితాల దగ్గరే, ఎక్కువ ఫైళ్ళు చెడేదీ అక్కడే. లండన్ బయట చదివేవాళ్ళు నెలకి 1,171 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలలకి 10,539 పౌండ్లు, దానిమీద ఇంకా కట్టాల్సిన ఫీజు బ్యాంకులో చూపించాలి. 2025 నవంబరు నుంచి ఇదీ లెక్క. ఆ డబ్బు వరసగా 28 రోజులు ఉండాలి, ఒక్కరోజు కూడా తగ్గకూడదు. ఆ 28వ రోజుకీ అప్లికేషన్ పెట్టే రోజుకీ మధ్య 31 రోజులు దాటకూడదు. ఖాతా విద్యార్థిది గానీ అమ్మానాన్నలది గానీ చట్టబద్ధ సంరక్షకులది గానీ అయ్యుండాలి. బాబాయి ఖాతా, తాతగారి ఫిక్సెడ్ డిపాజిట్ చెల్లవు. తెనాలి వైపు మాగాణి వాల్యుయేషన్ సర్టిఫికెట్ ఎంత పెద్దదైనా చెల్లదు, అది చేతిలో డబ్బు కాదు కదా. నాన్నగారి ఖాతా అయితే పుట్టిన సర్టిఫికెట్, ఆయన సంతకంతో అంగీకార పత్రం జతచేయాలి. ‘డబ్బు మేం సర్దుతాం, వడ్డీ కట్టండి చాలు’ అనే ఆఫీసు నుంచి లేచి వచ్చేయండి. దొంగ కాగితమని తేలితే పదేళ్ళు యూకే వీసా రాదు. ఇవికాక అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం వీసాతోపాటు కట్టే హెల్త్ సర్‌చార్జి ఏడాదికి 776 పౌండ్లు. ఏడాది కోర్సుకి వీసా మరికొన్ని నెలలు ఎక్కువ ఇస్తారు కాబట్టి మామూలుగా 1,164 కట్టాల్సి వస్తుంది. ఈ మాట చాలామంది చివర్లో చెప్తారు.

చదువయ్యాక ఉండే గ్రాడ్యుయేట్ వీసా రెండేళ్ళది. 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్ళకి ఏడాదిన్నరే. అప్పు తీర్చే లెక్క దీన్నిబట్టే వేసుకోండి. చదువు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే పని, వారం అంటే సోమవారం నుంచి ఆదివారం. రెండు చోట్ల చేస్తే రెండూ కలిపి 20. సొంత బండిమీద చేసే యాప్ డెలివరీ స్వయం ఉపాధి కిందికి వస్తుంది కాబట్టి స్టూడెంట్ వీసాకి అది నిషేధం. గంటలు తక్కువ చేసినా నిషేధమే.

ఇల్లు తీసుకునేటప్పుడు దూరం చూడండి. యూనివర్సిటీ హాస్టళ్ళు కొన్ని ఓడ్‌బీ అనే శివారులో, క్యాంపస్‌కి రెండు మూడు మైళ్ళ అవతల. చెట్లూ పచ్చికా బాగుంటాయి గానీ రోజూ బస్సే. క్లారెండన్ పార్క్, ఎవింగ్టన్ రోడ్ వైపు నలుగురు కలిసి ఇల్లు తీసుకుంటే నడిచి వెళ్ళిపోవచ్చు. డిసెంబరులో నాలుగు కాకముందే చీకటి పడుతుంది, అప్పుడు నడక దూరం విలువ తెలుస్తుంది. అడ్వాన్సు అయిదు వారాల అద్దెకి మించి అడగకూడదు, తీసుకున్న 30 రోజుల్లో దాన్ని ప్రభుత్వం గుర్తించిన డిపాజిట్ స్కీములో వేయాలి. ఆ రసీదు అడగండి. దిగిన రోజే ప్రతి గదీ, గోడ మూలలూ, పరుపు అడుగూ ఫోటో తీసి ఓనరుకి మెయిల్ చేయండి. ఆ ఇళ్ళలో పెద్ద బెడద గోడల బూజు. కిటికీలు బిగించి, బట్టలు గదిలో ఆరేసి, మూతలేని గిన్నెలో అన్నం ఉడికిస్తే ఆవిరంతా చల్లటి గోడకి చేరి నీరై, పదిహేను రోజుల్లో నల్లటి మచ్చలు లేస్తాయి. తర్వాత అడ్వాన్సులో కోసేది దానికే. వండేటప్పుడు వంటింటి తలుపు మూసి, కిటికీ నాలుగు వేళ్ళు తెరవండి.

సామాన్ల దగ్గరా జాగ్రత్త కావాలి. కరెంటు మనలాగే 230 వోల్టులు, రైస్ కుక్కర్ పనిచేస్తుంది. ప్లగ్గు మాత్రం వేరు, మూడు దీర్ఘచతురస్రపు పిన్నులది. అల్యూమినియం ప్రెషర్ కుక్కర్ ఇండక్షన్ పొయ్యి మీద వేడెక్కదు. అడుక్కి అయస్కాంతం అంటుకునే స్టీలు కుక్కరే కొనండి, రెండు గ్యాస్కెట్లు అదనంగా పెట్టుకోండి. నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి వద్దు. మాంసం, పాల పదార్థాలు మన దేశం నుంచి తీసుకెళ్ళనివ్వరు, దొరికితే అక్కడే పారేస్తారు. ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి వెళ్తాయి, నూనె కారకుండా రెండు కవర్లు వేయించండి. మిగతావన్నీ అక్కడే దొరుకుతాయి. 1972లో ఉగాండా నుంచి తరిమేస్తే వచ్చిన గుజరాతీలు బెల్‌గ్రేవ్ రోడ్‌ని ఒక బజారు చేసేశారు. కరివేపాకు, మునక్కాయలు, సోనా మసూరి ఆ వీధిలోనే. కందిపప్పు ప్యాకెట్టు మీద ‘ఆయిలీ’ అని ఉందేమో చూడండి. పురుగు పట్టకుండా నూనె పట్టించిన పప్పు అది. అలాగే పోస్తే పప్పుచారు జిడ్డు వాసన వేస్తుంది. వేడినీళ్ళలో మూడుసార్లు చేత్తో పిసికి కడిగి, నీళ్ళు తేటగా వచ్చాకే కుక్కర్లో పెట్టండి.