ఫిల్మ్ నుంచి పెద్ద ప్రింటుకు ఏ స్కానర్: ఎప్సన్ వీ850నా, నికాన్ కూల్‌స్కాన్ 9000నా?

ఎప్సన్ వీ850కి 6400 డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలు) అని చెబుతారు. ఆ అంకె చూసి మోసపోకండి, ఫిల్మ్ నుంచి నిజంగా రాబట్టేది సుమారు 2300. అంటే ప్రింటులో అంగుళానికి 300 చుక్కలు లెక్కేస్తే, 35 ఎంఎం నెగటివ్ 11 అంగుళాల ప్రింటు దగ్గరే ఆగిపోతుంది. నికాన్ చెప్పిన 4000కు దాదాపు న్యాయం చేస్తుంది. అదే ఫ్రేమ్ 19 అంగుళాలకు సాగినా పట్టుచీర అంచులో జరీ గీతలు విడివిడిగా నిలుస్తాయి.

కానీ నికాన్ తయారీ ఎప్పుడో ఆగిపోయింది. పాతదే కొనాలి, ఫైర్‌వైర్ అనే పాత రకం పోర్టు ఉన్న కంప్యూటర్ వెతకాలి, రిపేరు టెన్షన్ సరేసరి. అయినా 35 ఎంఎం వాళ్లకు నా ఓటు దానికే.

4×5 అంగుళాల షీట్ ఫిల్మ్ అందులో పట్టదు. అది ఉంటే ఎప్సనే తీసుకోండి, ఆ 2300తోనే 30×38 అంగుళాల ప్రింటు వస్తుంది. నలుపు తెలుపు ఫిల్మ్‌కు మాత్రం రెంటిలోనూ దుమ్ము మనమే తుడవాలి, దుమ్మును పసిగట్టి చెరిపేసే ఇన్‌ఫ్రారెడ్ క్లీనింగ్ ఆ ఫిల్మ్‌లో బొమ్మను నిలిపే వెండి మీద పనిచేయదు.